ఓదెలు వేలికి ఎక్కిన తీగ ఉంగరం

నేను ఒక ఉంగరాన్ని. అలాగని బంగారం అనుకొని ఆశపడకండి. సన్నని ఉక్కు తీగను స్ప్రింగులా చుట్టి, రెండు కొసలూ కలిపేసిన ఆక్యుప్రెషర్ ఉంగరాన్ని. వేలికి తొడిగి పైకీ కిందికీ దొర్లిస్తే సన్నగా గుచ్చుకుంటాను. నా పొట్లం మీద "ఆందోళన మాయం" అని అచ్చు వేశారు. ఆ మాట రాసినవాడు ఒక్కరోజైనా నన్ను తొడుక్కొని ఉంటే అంత ధైర్యం చేసేవాడు కాదు.

నన్ను మొదట కొన్నది హనుమకొండలో ఒక పెద్దావిడ, మోకాళ్ల నొప్పికి. మోకాళ్లకు వేలి ఉంగరం ఎందుకో ఆవిడకే తెలియాలి. రెండు రోజులు దొర్లించి విసిగిపోయి, తాను సూదుల వైద్యానికి వెళ్లే డాక్టరు హైమావతిగారి బల్ల మీద వదిలేసింది. అక్కడి నుంచే గడ్డం ఓదెలు వేలికి ఎక్కాను.

ఓదెలు గూడ్సు బండి డ్రైవరు. ఒక మధ్యాహ్నం రైల్వే గేటు దగ్గర ఒక మనిషి పట్టాల మీదికి నడిచొచ్చి, ఆయన కళ్లలోకే చూస్తూ నిలబడ్డాడు. బ్రేకు వేసినా బండి ఆగలేదు. పైవాళ్లు కొన్నాళ్లు సెలవిచ్చి, ఎలా ఉన్నావని అడిగితే "మంచిగనే ఉన్న" అన్నాడు. నిజం చెబితే ఇంజను దించి ఆఫీసు కుర్చీలో కూర్చోబెడతారని భయం. అప్పటినుంచీ గేటు కనబడితే చాలు, ఊపిరి ఆడదు, అరచేతులు తడిసిపోతాయి.

హైమావతిగారు ఆయన మణికట్టు దగ్గరా కనుబొమల నడుమా వెంట్రుకంత సన్నని సూదులు గుచ్చేవారు. ఇంట్లో కన్ను మూతపడని మనిషి ఆ బల్ల మీద గురకపెట్టేవాడు. లేచాక ఆవిడే నన్ను తొడిగారు.

"ఒక్కో వేలికి ముప్పైసార్లు, లెక్కపెడుతూ దొర్లించండి. కానీ ఓదెలుగారూ, ఇది ఊరటే. భయం సంగతి మీ రైల్వే డాక్టరుకు చెప్పి తీరాలి."

ఆయన తలూపాడు. తలూపడానికి మనుషులు ఎప్పుడూ వెనకాడరు. ముప్పైసార్లు మాత్రం గుర్తుపెట్టుకున్నాడు.

నిజం చెప్పొద్దూ, నేను పని చేశాను. లెక్క సాగినంతసేపూ ఆయన ఊపిరి సర్దుకునేది. భయం తగ్గించాను, దాచుకోవడానికి వీలైనంత. దొర్లించి దొర్లించి తోలు ఊడి పుండు పడ్డ వేలి మీదే ఇంకా గట్టిగా దొర్లించేవాడు. నాకు గొంతుంటే ఏడ్చేదాన్ని.

ఇంజనులో ఒక పద్ధతి ఉంది. సిగ్నలు కనబడగానే అసిస్టెంటు చెయ్యెత్తి దాని రంగు గట్టిగా చెప్పాలి. ఇద్దరూ చూశారనడానికి గుర్తుగా డ్రైవరు అదే రంగు తిరిగి చెప్పాలి. ఒకరోజు గేటు దగ్గరపడుతుండగా అసిస్టెంటు పుష్పలీల "సింగిల్ ఎల్లో!" అని అరిచింది. తర్వాతి సిగ్నలు దగ్గర ఆగడానికి సిద్ధపడమని దానర్థం.

"ఇరవై ఆరు" అన్నాడు ఓదెలు.

"సార్! ఏమంటున్నరు? ఎల్లో సార్!"

"ఇరవై ఏడు."

ఆయన కళ్లు పట్టాల మీదే ఉన్నాయి, కానీ వాటికి కనబడుతున్నది ఆ మనిషి ఒక్కడే. లేవయ్యా అని నేను ఎంత గుచ్చుకున్నా అది ఆయనకు ఊరటగానే తగిలింది. పుష్పలీల ఎమర్జెన్సీ బ్రేకు వేసింది. బండి కీచుమంటూ చాలా దూరం ఈడ్చుకుపోయి, ఎర్ర దీపానికి యాభై అడుగుల ఇవతల ఆగింది. అవతల ఒక ప్యాసింజరు బండి నిలబడి ఉంది.

ఓదెలు రెండు చేతులూ జోడించాడు. "ఎవలకు చెప్పకు బిడ్డా. నీ కాల్మొక్త."

"చెప్పకుంటే రేపు మల్ల గీ బండే ఎక్కుతరు గద సార్!" అని ఆ పిల్ల భోరుమంది.

ఎదురుగా ప్యాసింజరు ఆఖరి పెట్టెలోంచి ఎవరిదో చెయ్యి బయటికొచ్చి అరటితొక్క పడేసింది. ఓదెలు ఆ చేతినే చాలాసేపు చూశాడు. తర్వాత వాకీటాకీ అందుకున్నాడు.

"నాతోని అయితలేదు. నన్ను దించున్రి."

రైల్వే ఆసుపత్రిలో సబ్బునీళ్లు పోసి వాచిన వేలి నుంచి నన్ను లాగి, ట్రేలో వేశారు.

"ఈ భయం ఎప్పటినుంచి?" అని డాక్టరు అడిగారు.

"ఆర్నెల్లాయె సార్."

"ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పకుండా ఎలా నెట్టుకొచ్చావయ్యా?"

ఓదెలు ట్రేలో ఉన్న నన్ను చూపించాడు.