పేరు చెప్పి ముట్టుకోవాలె

హైదరాబాదు డాక్టరు చెప్పింది అబద్ధమని శారమ్మ తేల్చేసింది.

"పాపకు కళ్లున్నాయి కానీ, కంటి నుంచి మెదడుకు పోయే నరం రెండు వైపులా పుట్టుకతోనే ఏర్పడలేదమ్మా. ఆపరేషను, అద్దాలు ఏవీ పనిచేయవు. ఇందులో మీ తప్పేమీ లేదు. ఇలాంటి పిల్లలకు ఎదుగుదలలో కూడా తేడాలు రావచ్చు, అందుకని ఆరు నెలలకోసారి తీసుకురండి" అని ఆయన స్కానింగు ఫిలిం వెలుతురుకు పట్టి చూపించాడు. కొడుకు దేవయ్య, కోడలు మార్తమ్మ ఏడ్చారు. శారమ్మ ఏడవలేదు. బోధన్ బస్సు ఎక్కగానే మొదలుపెట్టింది.

"నేను దగ్గరికి పోతె పోరి నా దిక్కే తిరుగుతది. కండ్లు కనవడకుంటె ఎట్ల తిరుగుతది?"

ఐదు నెలల మనవరాలు సలోమి నిజంగానే తిరిగేది. నెల రోజులు ఈ మాటే విని విని మార్తమ్మకు విసుగొచ్చింది.

"అత్తా, ఒక్కసారి గాజులు తీసి, సప్పుడు చెయ్యకుంట పో. సూద్దాం."

శారమ్మ డజను గాజులూ తీసింది. నోట్లో వక్క ఉమ్మేసింది. పిల్లిలా నడిచి ఉయ్యాల మీదికి వంగింది. కనుబొమలు ఎగరేసింది, బుగ్గలు పూరించింది, నాలుక బయటపెట్టింది. సలోమి పిడికిలి చీక్కుంటూనే ఉంది. అంతలో వాకిట్లో పాల నర్సన్న క్యాను మూత కింద పడేశాడు. పిల్ల గబుక్కున అటు తిరిగింది.

శారమ్మ నాలుక లోపలికి తీసుకుని మంచం మీద కూలబడింది. "నర్సన్న దిక్కు తిరిగింది గని, నా దిక్కు తిరగకపాయె" అంటూ కొంగుతో కళ్లొత్తుకుంది. ఉన్నట్టుండి లేచింది.

"మరి ఉలుకు పలుకు లేకుంట అచ్చి ముట్టుకుంటె పోరి ఎంత జడుసుకుంటదే!"

మర్నాటి నుంచి ఇంట్లో కొత్త కట్టుబాటు. ఎవరైనా సరే, పేరు చెప్పాకే పిల్లను ముట్టుకోవాలి. చక్కెర ఫ్యాక్టరీ నుంచి వచ్చి దేవయ్య "బిడ్డా, బాపును, అచ్చిన" అనేవాడు. ప్రార్థన చేద్దామని పాస్టరు కళ్లు మూసుకుని చెయ్యి చాపితే శారమ్మ మణికట్టు పట్టుకుంది. "అయ్యగారూ, ముందుగాల పేరు."

ఒకనాడు పక్కింటి ఈరవ్వ వచ్చింది. ఆమె మేక శారమ్మ బీరపాదు మేసిందన్న తగాదాతో ఇద్దరికీ ఏడాదిగా మాటల్లేవు. పిల్లను చూడాలనిపించి వచ్చి, మాట్లాడకుండా బుగ్గ ముట్టుకుంది. సలోమి గుక్కపట్టి ఏడ్చింది.

"మార్తా, పేరు జెప్పి ముట్టుకొమ్మను" అంది శారమ్మ గోడ వైపు చూస్తూ.

ఈరవ్వ ఉయ్యాల మీదికి వంగింది. "బిడ్డా, నేను ఈరవ్వను. మీ బాపమ్మ బీరపాదు మేసింది మా మేక కాదు."

"సలోమీ, మేక మెడల గంట ఉండెనని జెప్పు."

"గంట ఊర్ల అందరి మేకలకు ఉంటదని జెప్పు బిడ్డా."

సలోమి ఏడుపు మాని, ఒక మాటకు ఇటు, ఒక మాటకు అటు తల తిప్పుతూ కిలకిలా నవ్వింది. ఆ నవ్వు ఆగుతుందేమోనని ఇద్దరూ తగాదా ఆపలేదు.

మార్తమ్మ రెండుసార్లు చాయ్ పెట్టినా మేక సంగతి తేలలేదు. పిల్ల ఈరవ్వ కొంగు పిడికిట పట్టుకుని ఆమె ఒళ్లోనే నిద్రపోయింది. లేస్తుందేమోనని అప్పటి నుంచి ఇద్దరూ గుసగుసలతో కొట్లాడుకున్నారు.