అద్దం ముందు నలభై రెండు నిమిషాలు

మార్చి 11, మంగళవారం, ఉదయం పది గంటల ఇరవై నిమిషాలకు నిబియా ఎచెవెరి ఒక వీడియో క్యాసెట్‌ను ఎబెర్ సిల్వెయ్రా బల్ల మీద పెట్టింది. అందులోని రంగులు పోయాయని ఆమెకు అప్పటికే ఒకరు చెప్పారు.

చెప్పింది మాంటివిడియో నడిబొడ్డున కొత్తగా తెరిచిన ఒక దుకాణంవాడు. పాత టేపులను ఫైళ్లుగా మార్చి పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి ఇవ్వడం అతని పని. పది రోజుల కిందట ఇదే క్యాసెట్ అతనికి ఇచ్చింది నిబియా. అతనిచ్చిన ఫైలులో బొమ్మ నిలకడగా ఉంది, మాట వినిపిస్తోంది. కానీ అంతా నలుపు తెలుపు. ముప్పై ఆరేళ్ల టేపు కదా, రంగు ఎగిరిపోయి ఉంటుందన్నాడతను.

నిబియాకు కావలసింది ఆ రంగులే. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. లా తేహా పేటలోని 'లోస్ రెమెందాదోస్' అనే ముర్గాకు, అంటే కార్నివాల్ పండుగలో వేషాలు వేసుకుని పాడే బృందానికి, 1989లో ముఖాలకు రంగులు వేసింది ఆమే. ఆ కార్నివాల్ పొడుగునా పదిహేడుమంది పాటగాళ్లు ఆమె చేతిమీదుగానే వేదిక ఎక్కారు. బృందం పుట్టి యాభై ఏళ్లయినందుకు ఈ శనివారం క్లబ్బులో పాట పెట్టుకున్నారు. ఇప్పటి దర్శకురాలు మికాయెలా పింతోస్ ఇంటికొచ్చి, ఎనభై తొమ్మిది నాటి ముఖాలే మళ్లీ వేయగలరా అని అడిగింది. నిబియా వేస్తానంది. అన్నీ గుర్తున్నాయని కూడా చెప్పింది.

గుర్తున్నవి గీతలు మాత్రమే. ముఖాన గీసే తీగ కంటి దగ్గర ఎక్కడ మొదలై చెంప మీద ఎక్కడ మలుపు తిరగాలో ఆమె చేతికి తెలుసు. ఏ తీగ ఏ రంగో తెలియదు. పాత పాటగాళ్లలో మిగిలిన ముగ్గురినీ విడివిడిగా కదిపి చూసింది. ఒకడు ఆకుపచ్చ అన్నాడు. ఒకడు వంగపండు రంగు అన్నాడు. మూడోవాడు ఆ ఏడు తాను గడ్డం పెంచానని, తన ముఖాన రంగే పడలేదని ఒట్టేశాడు. ఫొటోలు చూద్దామంటే అవి పత్రికలో వచ్చినవి, అవీ నలుపు తెలుపే.

ఎబెర్‌కు డెబ్బై నాలుగు. యాభై ఏళ్లుగా అదే పేటలో టీవీలు, వీడియోలు బాగుచేస్తున్నాడు. క్యాసెట్ మూత వేలితో ఎత్తి చూశాడు. టేపు అంచున బూజు ఉంది. నదిగాలికి ఈ ఊళ్లో అది మామూలే. అవతలి దుకాణంవాడు ఏ యంత్రం మీద ఆడించాడని అడిగాడు. ఇక్కడ కొన్న పాత వీడియో యంత్రమేనని, దాన్నుంచి వైరు ఒక చిన్న డబ్బాలోకి వెళ్లిందని, ఆ డబ్బా విదేశం నుంచి పోస్టులో తెప్పించానని అతను గొప్పగా చెప్పుకున్నాడని నిబియా చెప్పింది.

"యంత్రం మనది, డబ్బా పరాయిది. రంగు ఎక్కడికీ పోలేదమ్మా. ఆ డబ్బాకి మన భాష రాదంతే," అన్నాడు ఎబెర్.

"టేపుకి భాషేంటి, దోన్ ఎబెర్?"

అతను చెప్పుకొచ్చాడు. బీటా, వీహెచ్‌ఎస్ అనే రెండు రకాల క్యాసెట్ల కొట్లాట ముగిశాక ప్రపంచమంతా ఒకే కొలత క్యాసెట్ మిగిలింది. రంగును తెరకు పంపే పద్ధతి మాత్రం ఎవరిది వారిదే. యూరప్‌ది ఒకటి, ఉత్తర అమెరికాది ఒకటి, పక్కనున్న బ్రెజిల్‌ది ఇంకొకటి. ఉరుగ్వే, అర్జెంటీనా, పరాగ్వే మూడూ కలిసి పాల్-ఎన్ అనే పద్ధతి పెట్టుకున్నాయి. అది తెలియని డబ్బా వెలుగునీడలు తీసుకుని రంగును వదిలేస్తుంది. 1985లో సైనిక పాలన పోయాక ప్రవాసం నుంచి తిరిగొచ్చినవాళ్లు స్వీడన్ నుంచి, స్పెయిన్ నుంచి టీవీలు మోసుకొచ్చారు. ఇక్కడ పెడితే రంగు లేదు, మాట లేదు. ఆ రెండేళ్లూ ఎబెర్ పని ఆ టీవీలకు ఇక్కడి పద్ధతి నేర్పడమే.

"ఆ డబ్బా సంగతి వదిలెయ్. నాకు భయం బూజుతోనే. చేత్తో తుడవాలి. తుడిచాక కూడా ఒక్కసారి ఆడుతుందనే నమ్మకం. రెండోసారికి తెగితే నన్ననకు," అన్నాడు. గురువారం రమ్మన్నాడు.

గురువారం వాన. వాన పడితే ఈ ఊళ్లో అందరూ చేసుకునే పిండి రొట్టెలు, తోర్తా ఫ్రితాలు, నిబియా వేయించి, వేడి తగ్గకుండా గుడ్డలో చుట్టి తెచ్చింది. వెంట మరిది దార్దోను కూడా తీసుకొచ్చింది. ఆ టేపు తీసింది అతనే. 1989లో ఒక సాయంత్రానికి కెమెరా అద్దెకు తెచ్చి, వేదిక మీది పాట తీయమని బృందం అతనికి అప్పగించింది. అతను రంగులు వేసే గదిలోనే నిలబడి అద్దాన్ని తీస్తూ బ్యాటరీ అంతా కాల్చేశాడు. పాట మొదలయ్యేసరికి కెమెరా ఆగిపోయింది. ఆనాటి నుంచి పేటలో అతని పేరు అద్దాల దొర. నిబియా కూడా ఆ ఏడు కార్నివాల్ అయ్యేదాకా అతనితో మాట్లాడలేదు.

నాలుగు గంటల ఐదు నిమిషాలకు ఎబెర్ కంప్యూటర్‌లో పద్ధతుల జాబితా తెరిచి పాల్-ఎన్ ఎంచుకున్నాడు. యంత్రం మీద ఆడించే బటన్ నొక్కి, వేలు ఆపే బటన్ మీద ఉంచాడు. తెర మీద గీతలు పరుగెత్తాయి. తర్వాత ఒక ముఖం వచ్చింది. దాని మీద తీగ నారింజ రంగు.

పాత పాటగాళ్లు ముగ్గురిలో ఆ రంగు పేరు ఒక్కరూ చెప్పలేదు. నిబియా కాగితం తీసి, రాయకుండా చూస్తూ కూర్చుంది. తెరలో ముప్పై రెండేళ్ల నిబియా కుంచె ముంచుతోంది. వదినా, ఇటు చూడు అంటోంది దార్దో గొంతు. పోయి వేదిక తియ్యరా, ఈ మొహాల్ని రేపు ఎవడు చూస్తాడు అంటోంది ఆమె. ముప్పై ఒకటో నిమిషంలో బొమ్మ ఊగింది. బొమ్మ సర్దుకుంది. పదిహేడు ముఖాలూ వరసగా వచ్చాయి. గడ్డం పెంచానన్నవాడు నున్నటి చెంపల మీద పసుపు తీగతో నవ్వుతున్నాడు. మొత్తం నలభై రెండు నిమిషాలు. ఎబెర్ ఫైలును రెండుచోట్ల దాచి, అప్పుడు తోర్తా అందుకున్నాడు.

"దార్దో, ఆ రోజు నువ్వు నా మాట విని వేదిక తీసుంటే ఇవాళ నా గతేంటి?" అంది నిబియా.

"ముప్పై ఆరేళ్లు తిట్టి ఇప్పుడా అడిగేది, వదినా?"

"టేపు గురించి తిట్టినవన్నీ వెనక్కి తీసుకుంటున్నా. మిగతావి నీ దగ్గరే ఉంచుకో." తోర్తా ఒకటి అతని చేతిలో పెట్టి, "నిజంగా చెప్తున్నా. చల్లగా ఉండు," అంది.

దార్దో తోర్తా మీద చక్కెర చల్లుకున్నాడు. ఎబెర్‌కు కూడా ఆమె అదే మాట చెప్పబోయింది. నేను జాబితాలో ఒక అక్షరం మార్చానంతే అన్నాడతను. బూజు తుడవడానికి రెండు రోజులు పట్టిందని ఎబెర్ నోరుజారి తనతో అన్న సంగతి ఆమెకు దార్దో చెప్పాడు, ఇంటికి వెళ్లే దారిలో.

శుక్రవారం ఆమె మికాయెలాకు ఫోన్ చేసి, గుర్తున్నాయని తాను చెప్పింది అబద్ధమని, రంగులు నిన్ననే దొరికాయని చెప్పింది.

శనివారం మధ్యాహ్నం ఒంటిగంటకు మొదటి ముఖం మొదలుపెట్టింది. పదిహేడోది ఐదుంబావుకు ముగిసింది. గోడకు ఆనుకుని నిలబడ్డ దార్దోను పిలిచి కుర్చీ చూపించింది. అతనికి నారింజ తీగ వేసింది. ఆరు గంటలకు వేదిక మీదికి పద్దెనిమిదిమంది ఎక్కారు.