నా భార్యనే అడగండి

"ఊరేసిన చేపలో ఉప్పు ఇంకా పోలేదమ్మాయ్. ఇంకోసారి నీళ్ళు మార్చు," అంది మా అత్తగారు లెయిదా, నా భుజం మీదుగా గిన్నెలోకి తొంగిచూస్తూ. మార్చాను. ఉడికిన బీట్‌రూట్ తొక్క తీస్తున్నాను, వేళ్ళన్నీ ఎర్రగా అయిపోయాయి. అప్పుడే మా ఆయన ఉర్మాస్ రెండు కాగితాలు పట్టుకొచ్చి వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"కైరే, నీ చేతులు ఖాళీ లేవని తెలుసు. చెవులు ఖాళీయేగా, విను," అన్నాడు.

విన్నాను. ఆయన ఈ ఉద్యోగంలోకి వచ్చిన పదకొండేళ్ళుగా వింటున్నాను. ఉర్మాస్ ఎస్టోనియా తరఫున బ్రస్సెల్స్‌లో ప్రతినిధి. ఇరవై ఏడు దేశాల కూటమిలో ఏ కాగితం రాయాలన్నా ముందు ఇలాంటి ప్రతినిధులు ఒక బల్ల చుట్టూ కూర్చుని కామా కామాకీ కొట్టుకుంటారు. ఆయన ఫ్రెంచిలో మాట్లాడాలనుకున్నప్పుడల్లా ఆ ఫ్రెంచి నేను దిద్దుతాను. నా ఉద్యోగం కూడా ఆ భవనంలోనే, దుబాసీని. అద్దాల గదిలో కూర్చుని, కింద మా వాళ్ళు మాట్లాడేది అందరికీ, అందరూ మాట్లాడేది మా వాళ్ళకీ చెవుల్లోకి చేరుస్తాను. అక్కడ చేస్తే ఉద్యోగం. వంటింట్లో చేస్తే "కొంచెం ఇది చూడు".

ఆ ఆదివారం చదివింది 'ఉమ్మడి విలువల ప్రకటన' మీద ఆయన ప్రసంగం. రెండు కాగితాల్లో 'విలువలు' అన్న మాట తొమ్మిదిసార్లు వచ్చింది. నాకు ఆ మాట మీద ఎప్పటినుంచో ఒక ఆసక్తి. పంతొమ్మిదేళ్ళుగా దాన్ని రోజూ పలుకుతున్నాను కదా. ఒక దేశంవాళ్ళు విలువలు అన్నప్పుడు వాళ్ళ కళ్ళ ముందు చర్చి ఉందని తెలిసిపోతుంది. ఇంకొకళ్ళ ముందు కోర్టు ఉంటుంది. మావాళ్ళు ఆ మాట అంటే చాలు, వెనక తూర్పు సరిహద్దు కనిపిస్తుంది. మాట ఒకటే, ఎవరికి వాళ్ళు అందులో తమది పెట్టుకుంటారు. మరి మా ఇంట్లో ఆ మాటలో ఏముందో నేనెప్పుడూ చూడలేదు.

"ఉమ్మడి విలువలంటే ఏమిటి ఉర్మాస్?" అని అడిగాను.

"అందరూ ఒప్పుకున్నవి."

"ఒప్పుకుని చేసేవా, చెయ్యనివా?"

ఆయన నవ్వాడు. "అది ప్రకటనలో రాయరు," అన్నాడు. మూడో పేరాలో క్రియాపదం ఎక్కడ తప్పిందో చెప్పి, ఉల్లిపాయ తరగడం మొదలుపెట్టాను.

మా దుబాసీల విభాగం పెద్దావిడ ఆ వేసవిలో రిటైరవుతోంది. ఆ పదవికి దరఖాస్తు పెట్టమని నాకు రెండుసార్లు చెప్పింది. ఉర్మాస్‌తో అంటే, "పెట్టు, ఎవరు కాదన్నారు? కాకపోతే ఇద్దరం పెద్ద కుర్చీల్లో కూర్చుంటే ఇంట్లో పీట మీద ఎవరు కూర్చుంటారు?" అన్నాడు. అందులో కోపం లేదు, వెటకారం కూడా లేదు. ఆయన మాటలు అంత మెత్తగా ఉంటాయి. ఎక్కడ గుచ్చుకుందో మర్నాటికి గానీ తెలియదు. దరఖాస్తు నా సంచిలోనే ఉండిపోయింది.

సోమవారం పొద్దున సమావేశం. అద్దాల గదిలో నేనూ, నా జోడీ పిరెత్. అరగంటకొకరం మారుతూ ఉంటాం. ప్రకటనలో 'స్త్రీ పురుషుల సమానత్వం' అనే మాట ఉంది. దాన్ని తీసేసి 'కుటుంబ గౌరవం' అని పెట్టాలని ఒక ప్రతినిధి పట్టుబట్టాడు. "అందులో అన్నీ వస్తాయి," అన్నాడు.

పోర్చుగల్ ప్రతినిధి గ్రాసా మైకు నొక్కింది. "అంట్లగిన్నెలు కూడానా?" అంది. కొందరు నవ్వారు.

ఆ మార్పుకి మావాళ్ళు అడ్డు చెప్పకపోతే, తూర్పు సరిహద్దు రక్షణ గురించి మాకు కావలసిన వాక్యానికి ఆ ప్రతినిధి అడ్డు చెప్పడు. ఆ బేరం కాఫీల దగ్గర ముందే కుదిరిందని తర్వాత తెలిసింది. మాకు ఆ వాక్యం చిన్నది కాదు. మా అత్తగారు ఆరేళ్ళ పిల్లగా ఉన్నప్పుడు ఆ సరిహద్దు అవతలినుంచి వచ్చిన సైనికులు ఆవిడని తల్లితో సహా రైలెక్కించి సైబీరియాకి తోలేశారు. అలాంటి ఇంట్లో పుట్టినవాడు సరిహద్దు గురించి ఎంతదాకా వెళ్తాడో నాకు తెలుసు. ఉర్మాస్ మైకు తీసుకున్నాడు. ఫ్రెంచిలో మాట్లాడతాడనుకున్నాను. మా భాషలోనే మొదలుపెట్టాడు. పిరెత్ వంతు అప్పుడే అయిపోయింది. మైకు నాది.

దుబాసీ 'ఆయన అంటున్నాడు' అని చెప్పకూడదు. మాట్లాడేవాడు నేనంటే మనమూ నేననే అనాలి.

"నాకు ఈ మాట మీద పట్టుదల లేదు," అన్నాడు ఉర్మాస్. అన్నాను. "మా భాషలో అతను, ఆమె అని వేరువేరు మాటలే లేవు. ఇద్దరికీ ఒకటే మాట. సమానత్వం మేము కాగితం మీద రాసుకోవలసిన సంగతి కాదు." అన్నాను. "మా ఇంట్లో అది ఎప్పుడో తేలిపోయింది. నమ్మకం లేకపోతే నా భార్యనే అడగండి."

"మా ఇంట్లో అది ఎప్పుడో తేలిపోయింది," అన్నాను నేను, శుభ్రమైన ఫ్రెంచిలో. ఒక్క క్షణం ఆగాను. హాస్యానికి అంత విరామం కావాలి, అది అలవాటు. "నమ్మకం లేకపోతే నా భార్యనే అడగండి."

హాలంతా నవ్వింది. ఆ నవ్వు రాబట్టింది నేనే. మైకు మూసే మీట నొక్కి నీళ్ళు తాగాను. పిరెత్ నా వైపు చూసి, మళ్ళీ తన కాగితాల్లోకి చూసుకుంది. నాకు కోపం రావాలి కదా అనుకున్నాను. రాలేదు. వచ్చిందల్లా ఒక ప్రశ్న. ఎవరైనా నిజంగానే వచ్చి అడిగితే ఆ భార్య ఏం చెబుతుంది? ఆవిడ ఎవరో దూరపు చుట్టంలా అనిపించింది. చూసి చాలాకాలమైనట్టు.

సాయంత్రం భోజనాల దగ్గర ఉర్మాస్ మంచి హుషారు మీద ఉన్నాడు. "ఇవాళ అదరగొట్టావు కైరే. ఆ చివర ఆగావు చూడు, దానికే ఫ్రెంచివాడు కూడా నవ్వాడు. అమ్మా, నీ కోడలు లేకపోతే నా జోకు చచ్చిపోయేది."

"ఏం జోకురా?" అంది అత్తగారు. చెప్పాడు.

ఆవిడ రొట్టె మీద వెన్న రాస్తూ, "సమానమంటే మా అమ్మ చెప్పాలి," అంది. "సైబీరియాలో ఆడా మగా ఒకే రంపం పట్టుకుని చెట్లు కోశారు. అటు కొస మగాడు, ఇటు కొస మా అమ్మ. అంత సమానం ఎక్కడా ఉండదు. చీకటిపడి పాకలోకి వచ్చాక మాత్రం ఆ మగాళ్ళు పొయ్యి దగ్గర చలి కాచుకునేవాళ్ళు, మా అమ్మ గంజి కాచేది."

"అది వేరు అమ్మా," అన్నాడు ఉర్మాస్.

"నేను వేరన్నానా, ఒకటన్నానా? చూసింది చెప్పాను."

నేను అడిగాను. "ఉర్మాస్, నువ్వు నన్ను ఎప్పుడు అడిగావు?"

"ఏమని?"

"తేలిపోయిందని చెప్పావుగా. ఎప్పుడు తేల్చుకున్నాం? నేనున్నానా ఆ రోజు?"

మాట తిప్పేస్తాడనుకున్నాను. ఆయన చెంచా కింద పెట్టాడు. "సరే, ఇప్పుడు అడుగుతున్నాను. మనిద్దరం సమానమా, కాదా?"

నోరు తెరిచాను. రోజుకి ఆరుగంటలు నేను, నేను అంటూనే ఉంటాను. మంత్రుల నేను, పాడిరైతుల సంఘాల నేను, జడ్జీల నేను, అన్నీ నా నోట్లోంచి గబగబా వస్తాయి. నా నేను మాత్రం రాలేదు. వెతికితే ముందు ఏవేవో చిన్నవి వచ్చాయి. అమ్మాయి పుట్టినప్పుడు నాలుగో భాష పరీక్ష మానుకున్నది నేను. పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళే రోజు గుర్తుపెట్టుకునేది నేను. మీ అమ్మ మాత్రలు, ఇంట్లో బల్బులు, నీ చెల్లెలి పుట్టినరోజు. నువ్వు వంట చేసిన రోజున అందరం నీకు థాంక్స్ చెబుతాం. నేను చేసిన రోజున ఉప్పు గురించి చెబుతారు. ఇవి చెబితే జవాబవుతుందా? విడివిడిగా ఒక్కొక్కటీ ఎంత చిన్నదో! ఆయన మంచివాడు. నేను అడిగితే ఏదైనా చేస్తాడు. అడగడం కూడా నా పనిలోనే కలిసిపోయింది.

"ఆలోచించి చెబుతాను," అన్నాను.

"ఇందులో ఆలోచించడానికి ఏముంది?"

"అదే చూద్దామని."

ఆయన నవ్వి లేచాడు. కాసేపటికి ఒక కాగితం తెచ్చి నా పక్కన పెట్టాడు. "రేపటిది. ఫ్రెంచి ఒకసారి చూడు, పది నిమిషాల పని."

"చూడను," అన్నాను. "మన భాషలో మాట్లాడు. లేదా నీ ఫ్రెంచితోనే కానియ్యి."

"అలిగావా?"

"లేదు." నిజంగానే లేదు. చూడకపోతే ఏమవుతుందో తెలుసుకోవాలనిపించింది. అత్తగారు మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, వెన్న డబ్బా మూత పెట్టింది.

మంగళవారం పొద్దున ముందు విభాగం పెద్దావిడ గదికి వెళ్ళాను. "ఈ సమావేశంలో నేను కూర్చోలేను. మా ప్రతినిధి నా భర్త. ఇన్నాళ్ళూ ఇబ్బంది లేదు. నిన్న ఆయన నా గురించి మాట్లాడాడు, అది నేనే చెప్పాల్సివచ్చింది," అన్నాను.

ఆవిడ కళ్ళద్దాలు తీసింది. "నిన్ననే చెప్పాల్సింది."

"నిన్న నాకు తెలియదు."

నా బదులు ఇంకొకరిని వేసింది. నేను కదలకపోయేసరికి, "ఇంకేమైనా ఉందా?" అంది. సంచిలోంచి దరఖాస్తు తీసి బల్ల మీద పెట్టాను. మడతల దగ్గర నలిగిపోయి ఉంది. ఆవిడ అరచేత్తో సాపుచేసి, గడువు శుక్రవారమని మాత్రం అంది.

మధ్యాహ్నం దాకా నాకు పని లేదు. హాల్లోకి వెళ్ళి గోడవారగా, చూడవచ్చినవాళ్ళు కూర్చునే కుర్చీలో కూర్చుని ఇయర్‌ఫోన్లు చెవులకి తగిలించుకున్నాను. ఇన్నేళ్ళలో ఆ వైపు నుంచి వినడం అదే మొదటిసారి. అద్దం వెనక పిరెత్ చాలా చిన్నగా కనిపించింది.

ఉర్మాస్ వంతు వచ్చింది. అద్దాల గదివైపు చూశాడు. అక్కడ నేను లేను. మా భాషలోనే మొదలుపెట్టాడు. నా చెవుల్లో మాత్రం పిరెత్ గొంతు, ఫ్రెంచిలో.

"నిన్న నేను నా భార్యను అడగమన్నాను. ఇంటికి వెళ్ళాక నేనే అడిగాను. ఆమె జవాబు చెప్పలేదు. ఆలోచించి చెబుతానంది. పంతొమ్మిదేళ్ళ కాపురం తర్వాత కూడా ఆలోచించుకోవలసిన ప్రశ్న అంటే, అది తేలిపోయిన ప్రశ్న కాదు. ఆ మాట ప్రకటనలో ఉండాలి. నిన్నటి మాట వెనక్కి తీసుకుంటున్నాను."

అవతలి ప్రతినిధి వెంటనే సరిహద్దు వాక్యానికి అడ్డు చెప్పాడు. అది వచ్చే సమావేశానికి వాయిదా పడింది. అక్కడ ఉర్మాస్ ఏం పోగొట్టుకున్నాడో, పై అధికారులకి ఏం జవాబు చెప్పుకోవాలో ఆ హాల్లో ఇద్దరు ముగ్గురికే తెలుసు. అందులో నేనొకదాన్ని. నా కళ్ళు చెమర్చాయి, దాచను. సమానత్వం అన్న మాట ఉన్నచోటే ఉండిపోయింది. గ్రాసా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది, తర్వాత అందరూ కొట్టారు. చప్పట్లు కొడుతూ కొడుతూ నా చేతులు ఆగాయి. నేను నిన్న రాత్రి చెప్పలేకపోయిన జవాబుకి ఇవాళ ఆయనకి చప్పట్లు. ఆయన దొంగిలించాడని కాదు. మనసారా మాట్లాడాడు. అయినా, నా మౌనాన్ని కూడా ఆయనే అనువదించేశాడు.

కాఫీ విరామంలో నడవాలో ఆయన చుట్టూ జనం. గ్రాసా ఆయన భుజం తట్టి, "మీ ఆవిడ జవాబు చెప్పగానే మాకూ చెప్పాలి సుమా!" అంటోంది.

"తప్పకుండా. నేనే వచ్చి చెబుతాను," అంటున్నాడు ఉర్మాస్. అప్పుడు నన్ను చూశాడు. మొహం వెలిగింది. నేను నవ్వుతాననీ, దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంటాననీ చూస్తున్నాడు. నవ్వాను కూడా. కానీ నడిచింది గ్రాసా దగ్గరికి.

"ఆయన భార్యను నేనేనండీ," అన్నాను. "నిన్న ఆ మాట మీ చెవిలో చెప్పింది కూడా నేనే."

ఆవిడ కప్పు పెదాల దగ్గరే ఆగిపోయింది. "మీరా? మరి జవాబు?"

"సమానం కాదండీ. ఇంకా కాదు. ఎక్కడెక్కడ కాదో నిన్నటినుంచి చూస్తున్నాను. చూస్తున్న కొద్దీ కనిపిస్తున్నాయి."

చుట్టూ ఉన్నవాళ్ళలో ఇద్దరు ఏదో పనున్నట్టు పక్కకి తప్పుకున్నారు. ఉర్మాస్ నా దగ్గరికి వంగి మా భాషలో, "ఇక్కడా కైరే?" అన్నాడు.

"అడగమన్నది ఇక్కడే కదా."

ఆయన మొహం కందిపోయింది. గ్రాసా కిటికీ దగ్గరున్న కుర్చీ నావైపు జరిపి, తను ఇంకోదాంట్లో కూర్చుంది. నేను కూర్చున్నాను. ఉర్మాస్ మూడో కుర్చీ లాక్కున్నాడు.

"ఎక్కడెక్కడ?" అన్నాడు. ఈసారి నవ్వలేదు. నిజంగానే తెలియని మనిషి అడిగినట్టు అడిగాడు.

లోపల గంట మోగింది, సమావేశం మళ్ళీ మొదలవుతోంది. ఆయన తలుపు వైపు చూశాడు. నేను చెప్పడం మొదలుపెట్టాను.