ముందు కర్ర

కిరసనాయిలు బుడ్డి మంట మీద తుపాకీ గొట్టాన్ని నెమ్మదిగా దొర్లిస్తున్నాడు ఏలీయా. మసి ఇనుముకి పల్చగా, ఒక్క తీరుగా పట్టాలి. ఎక్కువ పడితే కర్రంతా నల్లబడి ఏదీ తెలియదు, తక్కువ పడితే అసలు గుర్తే పడదు. మసి పట్టిన గొట్టాన్ని బల్ల మీదికి తెచ్చి, కర్రలో తొలిచిన గాడిలో పడుకోబెట్టి, బొటనవేళ్ళతో ఒకసారి గట్టిగా నొక్కి పైకి లేపాడు. గాడిలో మూడుచోట్ల నల్లచుక్కలు పడ్డాయి. ఆ మూడుచోట్లా కర్ర ఇంకా ఎత్తుగా ఉందన్నమాట. గాజుపెంకు తీసుకుని ఆ చుక్కల్ని, చుక్కల్ని మాత్రమే, గీకాడు. మళ్ళీ దీపం, మళ్ళీ మసి, మళ్ళీ నొక్కడం. ఏడు నెలలుగా ఇదే వరస. ఆ కిరసనాయిలేదో ఇంటికి తెస్తే పొయ్యి దగ్గర కళ్ళు మండకుండా సుఖపడేదాన్ని కదా అని భార్య మార్తమ్మ దెప్పుతూ ఉంటుంది.

ఆ రోజు డిసెంబరు ముప్ఫై ఒకటి. అమలాపురంలో పెద్ద బజారు వెనక సందులో ఉన్న ఆ తుపాకుల రిపేరు షాపు లైసెన్సు ఆ రోజుతో సరి. షాపు పెట్టిన పెద్దాయన పోయి రెండేళ్ళయింది. కొడుకు రాజేంద్రప్రసాద్‌కి ముమ్మిడివరం వైపు రొయ్యల చెరువులున్నాయి, లైసెన్సు మళ్ళీ రాయించుకునే ఓపిక లేదు. సాయంత్రం ఐదింటికి స్టేషను నుంచి హెడ్ కానిస్టేబులు వస్తాడు. అప్పటికి సొంతదారులు తీసుకెళ్ళని తుపాకులన్నీ స్టేషను గదికి పోతాయి, షాపుకి సీలు పడుతుంది. మిగతావన్నీ ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు. మిగిలింది ఇదొక్కటే.

స్టేషను గది సంగతి ఏలీయాకి తెలిసినంతగా స్టేషను వాళ్ళకి కూడా తెలియదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా రైతులు తుపాకులు తీసుకెళ్ళి అక్కడ అప్పగించడం, ఎన్నికలయ్యాక తెచ్చుకుని తిన్నగా ఏలీయా ముందు పెట్టి లబోదిబోమనడం ముప్ఫై నాలుగేళ్ళుగా చూస్తున్నాడు. రెండు నెలలకే చెమ్మకి తుప్పెక్కి, చెదలు పట్టి వచ్చేవి. ఇక దిక్కులేకుండా అందులో పడి ఉండే తుపాకీ గతి ఏమిటో చెప్పక్కర్లేదు. అందుకే పొద్దున్న ఆరింటికే వచ్చి కూర్చున్నాడు. ఎలాగైనా ఐదింటిలోపు పూర్తి చెయ్యాలి. ఇది ఇంటికి పోవాలి.

అది కంపెనీ వాళ్ళ కాలం నాటి సైనికుల తుపాకీ, మందు కూరి కాల్చేది. మనిషి భుజం దాకా వచ్చే పొడుగు. సొంతదారు రాజోలు దగ్గరి రామభద్రరాజు గారు. వాళ్ళ తాతగారు ఎక్కడో వేలంలో కొన్నారట. లంకల్లో బాతుల వేటకి బరువెక్కువైందని గొట్టం కింద మూతి దాకా ఉండే కర్రని సగానికి కోయించి పారేశారు. ఆ తరవాత వేటా పోయింది, తాతగారూ పోయారు. బోడి గొట్టంతో ఆ తుపాకీ సావిట్లో గోడ మీద ఉండిపోయింది. ఏటా దసరాకి దించి, నీళ్ళతో కడిగి, పసుపు రాసి, కుంకం బొట్లు పెట్టి, హారతిచ్చి మళ్ళీ తగిలించేవారు. భక్తి మంచిదే గానీ ఇనుముకి ఆ సంగతి తెలియదు. తొంభై దసరాల నీళ్ళు సందుల్లోకి దిగి లోపల లోపలే తినేశాయి. మేకులు ఊడదీసిన రోజున గుప్పెడు కుంకం రాలింది. పాత రాగి కాసు అంచుతో, కొబ్బరినూనెతో ఆ తుప్పు గీకడానికే నెలన్నర పట్టింది.

పుట్టినప్పుడు ఎలా ఉందో అలా చెయ్యమన్నది రామభద్రరాజు గారే. ఏదో పాత పుస్తకంలో బొమ్మ పట్టుకొచ్చారు. "ఎలా ఉండాల్సింది ఎలా చేసేమో చూడు ఏలీయా, కళ్ళు మూసేలోగా దీన్ని తిన్నగా చూడాలనుందయ్యా" అన్నారు. అలాంటి పని ఏలీయాని అంతవరకూ ఎవరూ అడగలేదు. స్ప్రింగు మార్చు, మీట బిగించు, పగిలిన చోట రేకు కొట్టు, ఇవే జీవితమంతా. దానికి సరిపడే కర్ర ఈ సీమలో దొరకదు. పాస్టరు గారిని బతిమాలి, మిషను బంగళాలో దొరల కాలం నాటి విరిగిన బల్ల కోడు ఒకటి సంపాదించాడు. అక్రోటు కర్ర. దాన్ని మూరెడు పైచిలుకు ముందు కర్రగా చెక్కి, ఎముకల జిగురుతో పాతదానికి అతికి, అతుకు కనబడకుండా దాని మీదికి ఇనప పట్టీ వచ్చేలా చేశాడు. ముందువైపు పట్టీలు రెండూ తనే కొట్టాడు.

రాజుగారు గురువారం గురువారం వచ్చేవారు. స్టూలు లాక్కుని పక్కనే కూర్చుని, కళ్ళజోడు సవరించుకుని గాడిలోకి తొంగి చూసి, "అదిగో అక్కడోటి మిగిలిపోయిందయ్యా" అని చుక్క చూపించేవారు. పనిని పనిగా చూసిన మనిషి ఏలీయాకి ఆయనొక్కడే. కార్తీకంలో గుండెపోటొచ్చి పోయారు. ఏలీయా బస్సెక్కి వెళ్ళి, జనంలో ఓ పక్కగా నిలబడి, ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగొచ్చాడు. తరవాతి గురువారం స్టూలు వైపు చూడకుండా పని చేసుకోవడానికి చాలా కష్టపడ్డాడు.

పదకొండు గంటలకి రాజేంద్రప్రసాద్ వచ్చాడు.

"అయ్యిందా ఏలీయా?"

"ఆయ్. ఇంకో నాలుగు చుక్కలున్నాయండి."

"చుక్కలెవరు చూస్తారయ్యా! రాజుగారింట్లో అమ్మగారికి కబురెట్టేను. మూడింటికల్లా వస్తామన్నారు. కాయితాలు కొడుకు పేరు మీదకి మారిపోయేయంట." గుమ్మం వైపు తిరిగి అన్నాడు. "రేపట్నుంచి నువ్వు చెరువుల మీదకొచ్చెయ్యి. కాపలా పని. చేతికో కర్రిస్తాను. లైసెన్సు అక్కర్లేదు."

నవ్వుతూనే అన్నాడు, మంచి మనసుతోనే అన్నాడు. ఏలీయా కూడా నవ్వి "ఆయ్" అన్నాడు. ఇంకేమంటాడు? ఆ గడపకి లోపల ఉన్నంతసేపే అతను పనివాడు. అదే మీట, అదే స్ప్రింగు చేత్తో పట్టుకుని గడప దాటితే ముద్దాయి. సొంతంగా లైసెన్సు కోసం మూడుసార్లు అర్జీ పెట్టాడు. పైవాళ్ళు సరేనన్నా కిందివాళ్ళు కాయితం కదలనివ్వలేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అన్నారా! బావమరిది కువైట్ రమ్మంటే పాస్‌పోర్టుకి పెట్టాడు. విచారణకి వచ్చిన కానిస్టేబులు ఏం పని చేస్తావంటే దాచకుండా "తుపాకులు బాగుచేస్తానండి" అన్నాడు. ఆ పాస్‌పోర్టు ఇంతవరకూ రాలేదు. లారీ మెకానిక్కునని అనుంటే ఏం పోయేదని మార్తమ్మ నెత్తి కొట్టుకుంది. చేసే పని పేరు చెబితే తప్పని తెలియనివాడికి ఎవరేం చెప్పగలరు?

రెండింటికి ఆఖరి చుక్క పోయింది. గొట్టం గాడిలో దిగినప్పుడు చప్పుడు కూడా కాలేదు. మధ్యలో జుట్టు దూరే సందు లేదు. పట్టీలు ఎక్కించి, మేకులు బిగించి, అవిసె నూనెలో ముంచిన గుడ్డతో కర్రంతా తుడిచి, శుభ్రమైన తెల్లగుడ్డ మీద పడుకోబెట్టాడు. అన్నం క్యారియరు విప్పబుద్ధి కాలేదు. అరగంటసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. ఒళ్ళంతా తేలికగా ఉంది, ఏడుపొచ్చేలా ఉంది. ఇది నేను చేశాను అని మొదటిసారి అనుకున్నాడు.

మూడున్నర దాటాక సందు మొగలో అంబాసిడర్ కారు ఆగింది. రామభద్రరాజు గారి భార్య వెంకటరమణమ్మ గారు నేతచీర కొంగు భుజాల నిండా కప్పుకుని, మెల్లగా నడిచి లోపలికి వచ్చారు. రాజేంద్రప్రసాద్ లేచి కుర్చీ వేశాడు. ఆవిడ కూర్చోలేదు. బల్ల మీదికి చాలాసేపు చూశారు.

"ఇదేంటి ఏలీయా?"

"మీ తుపాకీనండి అమ్మగారూ."

"మాది కాదిది." చెయ్యి చాచి నున్నటి ముందు కర్రని రెండు వేళ్ళతో తాకారు. "బాగుంది. ఎవరిదో గానీ చాలా బాగుంది."

ఏలీయా తుపాకీని ఆవిడ వైపుకి కాస్త జరిపాడు. "రాజుగారు చెప్పినట్టే చేసేనండి. బొమ్మలో ఎలాగుందో అలాగేనండి."

"తెలుసయ్యా. ఆ బొమ్మ నాక్కూడా చూపించి మురిసిపోయేవారు. ఆయనుంటే ఆయన ముచ్చట, నేనెందుకు కాదంటాను? ఇప్పుడాయన లేరు." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "దసరాకి గోడ మీంచి దించినప్పుడు నలభై మూడేళ్ళు ఆయన చెయ్యి ఇదిగో ఇక్కడే పడేది. ఇనుము మీద. చల్లగా ఉందే అనేవారు, ఏటా అదే మాట. ఇప్పుడక్కడ కర్ర పెట్టేసేవు."

"అమ్మగారూ, ఏడు నెలల కష్టమండి..." అన్నాడు రాజేంద్రప్రసాద్.

"కాదనలేదు బాబూ. దీన్ని తీసుకెళ్ళి గోడకి తగిలిస్తే పరాయివాళ్ళ తుపాకీ మా ఇంట్లో ఉన్నట్టుంటుంది. నేను రోజూ దానికెదురుగా కూర్చుంటాను. ఎప్పట్లా చేసిస్తే తీసుకెళ్తాను. లేదంటారా, ఆ స్టేషనుకే పంపించెయ్యండి."

గడియారం నాలుక్కి పది నిమిషాల తక్కువ చూపిస్తోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏలీయాకి కోపమొచ్చింది. ఆవిడ మీద కాదు, పోయినాయన మీద. ఇంట్లో ఒక్క మాట చెప్పి ఒప్పించకుండా పోతే ఎలా? ఇంకో నాలుగు గురువారాలు ఆగలేకపోయారా? ఆ కోపం పట్టుమని నిమిషం కూడా నిలవలేదు. ఆవిడ వేళ్ళు ఇంకా కర్ర మీదే ఉన్నాయి, కింద ఇనుము ఎక్కడుందా అని వెతుకుతున్నట్టు.

"ఆయ్. ఓ గంట కూర్చోండి అమ్మగారూ," అన్నాడు.

స్టవ్వు వెలిగించి నీళ్ళు పెట్టాడు. పట్టీలు జార్చి, గొట్టం ఊడదీసి, వేడినీళ్ళలో ముంచి పిండిన గుడ్డని అతుకు చుట్టూ చుట్టాడు. చల్లారితే మళ్ళీ ముంచాడు. రంపం పెడితే రెండు నిమిషాల పని. పెట్టలేకపోయాడు. నాలుగో గుడ్డకి జిగురు వాసన లేచింది. ఆరో గుడ్డకి అతుకు చిన్నగా కిర్రుమంది. రెండు చేతులతో పట్టుకుని లాగితే ఎక్కడా పెచ్చు లేవకుండా వచ్చేసింది. అంత బాగా అతికాడు మరి. మిగిలిన సగం కొసని ఆకురాయితో మునుపటిలా గుండ్రంగా అరగదీసి, టీ డికాషనూ మసీ కలిపి రుద్ది నలుపు తెచ్చాడు. గొట్టం బిగించి ఆవిడ ముందు పెట్టాడు.

వెంకటరమణమ్మ గారు బోడి గొట్టాన్ని అరచేత్తో పట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు.

"ఆ. ఇదీ."

"కుంకం మటుకు పోయిందండమ్మా. అది నేను తేలేనండి."

"అది నేను పెడుతూ వచ్చిందే కదా. ఇక కోడలు పెట్టాలి." కొంగుతో కళ్ళు తుడుచుకుని లేచారు. ఏలీయా ముందు కర్రని గుడ్డలో చుట్టి ఇవ్వబోయాడు. ఆవిడ తల అడ్డంగా ఊపారు. "వద్దు నాయనా. ఇంట్లో ఉంటే ఎవరో ఒకరు మళ్ళీ తగిలిస్తారు."

కారు వెళ్ళాక పావుగంటకి హెడ్డు వచ్చాడు. లిస్టు తీసి ఒక్కొక్క పేరూ చదివాడు, రాజేంద్రప్రసాద్ సంతకాలు పెట్టాడు. ఏలీయా క్యారియరు సంచీ భుజానికి తగిలించుకుని, గుడ్డ చుట్టిన కర్ర చంకన పెట్టుకుని గడప దగ్గర నిలబడ్డాడు.

"అదేంటి?"

"కర్రండి."

హెడ్డు గుడ్డ విప్పి చూశాడు. "ఇనప పట్టీలున్నాయి కదయ్యా. తుపాకీ సామానే. లిస్టులో ఉందా?"

"లేదండి."

"లిస్టులో ఉంటే స్టేషనుకి తీసుకెళ్తాను. లేంది నేను తీసుకెళ్ళకూడదు, నువ్వూ తీసుకెళ్ళకూడదు. లోపల పెట్టెయ్యి."

ఏలీయా వెనక్కి వెళ్ళి దాన్ని బల్ల మీద పెట్టి వచ్చాడు. తలుపులు మూశారు, లక్క కరిగించి సీలు వేశారు. ఆ లక్క ఆరేదాకా ఎందుకో అక్కడే నిలబడి చూశాడు.

చెరువుల మీద దాదాపు రెండు నెలలు కాపలా కాశాడు. ఇచ్చిన కర్రని ఒక్కనాడూ చేత్తో పట్టుకోలేదని, పాక గుంజకి ఆనించి ఉంచేవాడని తోటివాళ్ళు చెప్పారు. ఫిబ్రవరి నెలాఖర్లో ఓ పొద్దున్న గట్టు మీద పాకలో ఎంత పిలిచినా లేవలేదు. మార్తమ్మ వచ్చేసరికి ఎండ బాగా ఎక్కింది. చేతులు గుండెల మీద పెట్టి పడుకోబెట్టారు. గోళ్ళ సందుల్లో మసి మటుకు ఎంత కడిగినా పోలేదు.

మరుసటేడు సీలు తీయించి, రాజేంద్రప్రసాద్ ఆ గదిని బాబ్జీ అనే ఆయనకి టెలిఫోను బూతు పెట్టుకోవడానికి అద్దెకిచ్చాడు. చెత్త ఊడ్పిస్తుంటే బాబ్జీకి బల్ల మీద గుడ్డలో చుట్టిన కర్ర ఒకటి దొరికింది. అటూ ఇటూ తిప్పి చూశాడు గానీ దేనిదో అంతుపట్టలేదు. పట్టీలు ఊడబీకి పాత ఇనుములో వేశాడు. సందులో గాలికి కిటికీ రెక్క ఒకటే కొట్టుకుంటోందని కర్రని దానికి అడ్డు పెట్టాడు. కొలత కుదరలేదు. అట్టముక్క మడిచి దోపాడు. మూరెడు పైచిలుకు అక్రోటు కర్ర, అద్దంలా నున్నటి గాడి వీధి వైపుకి తిరిగి, కిటికీ సందులో కాస్త వదులుగా నిలబడి ఉంది.