మామగారికి మాట వచ్చిన రోజు

"వాష్," అంది కోడలు, మామగారి మెడ చుట్టూ తువ్వాలు సర్దుతూ.

ఆయన పెదవులు ఒక పక్కకి లాక్కుపోయాయి. కళ్ళు ఆమె నోటినే పట్టుకుని వేలాడాయి. "వా... ష్... ట్."

"ఆఁ, అదీ! ఇప్పుడు రేపటిది చెబుదాం మామయ్యగారూ. ఐ విల్..."

అక్కడికొచ్చేసరికి ఆయన నాలుక మొండికేసింది. చొంగ కారింది. ఆమె తుడిచి మళ్ళీ మొదలుపెట్టింది.

ముప్ఫై ఏళ్ళకు పైగా ఇంగ్లీషు మాస్టారుగా పిల్లల్ని గడగడలాడించిన మనిషి. పక్షవాతం ఆయన కుడిచేతినీ, మాటనీ ఒకేసారి పట్టుకుపోయింది. మాటలు నేర్పడానికి వచ్చే థెరపిస్టు అమ్మాయి, "జీవితమంతా ఏది వల్లె వేయించారో అక్కణ్ణించే మొదలుపెడదాం. చివర 'ఎడ్' తగిలిస్తే అయిపోయే తేలిక క్రియలు చాలు. ఇవాళ, నిన్న, రేపు. రెండు పూటలా చెప్పించండి. కొడుకు గొంతైతే ఇంకా మంచిది" అంది. కొడుకు నవ్వాడు. "మా ఆవిడ చూసుకుంటుందండీ. ఇంట్లో ఖాళీయే కదా."

ఆ ఖాళీ ఎలా వచ్చిందో ఆ అమ్మాయికి తెలియదు. మామగారు పడిపోయిన వారంలోనే కోడలి చేత బడి ఉద్యోగం మాన్పించారు. ఆమె అక్కడ చిన్నపిల్లలకు ఇంగ్లీషు చెప్పేది. నిజానికి ఈ ఇంట్లో ఆమె నోరు విప్పి ఇంగ్లీషు ముక్క మాట్లాడింది ఒక్కసారే, కాపురానికి వచ్చిన కొత్తలో. వచ్చినవాళ్ళెవరో పలకరిస్తే 'వాషెడ్' అంది. "వాషెడ్డా! వాష్ట్ అనాలి. ఏ బళ్ళో చదివావమ్మా?" అని మామగారు అందరి ముందూ పగలబడి నవ్వారు. ఆ 'ట్' ఆయన పెట్టిందే. ఇప్పుడు దాన్నే ఆయన నోటికి ఆమె ముద్దలా అందిస్తోంది.

మొదట్లో పుస్తకం చూసి చెప్పించేది. తర్వాత చేతిలో ఏ పని ఉంటే దాన్నే పాఠం చేసింది. కుక్, క్లీన్, ఐరన్, ఫోల్డ్, వెయిట్. దుప్పటి మడతపెడుతూ ఫోల్డెడ్ అని చెప్పిస్తే, గంట తిరక్కుండానే ఆ దుప్పటి తడిసి మళ్ళీ బకెట్లో పడేది. బళ్ళో పిల్లలకు ఎంత ధీమాగా చెప్పేది, పని అయిపోతే అది భూతకాలమని! ఈ ఇంట్లో ఏ పనీ అయిపోయి వెనక్కి వెళ్ళదు. తోమిన గిన్నె సింకులోనే ఉంటుంది, తుడిచిన నేల కాళ్ళ కిందే ఉంటుంది. రోజంతా ఆ ముక్కలే పలికి పలికి సొంత మాటలు మరిచిపోయిందేమోనని ఒకరోజు భయం వేసింది. స్నానాల గదిలో కుళాయి బాగా తిప్పి, ఎవరికీ వినపడకుండా "నాకు" అంది. ఆ తర్వాత ఏం అనాలో తోచలేదు. "నాకు... నాకు..." అంటూ గోడకి తల ఆనించి ఏడ్చింది. ఆయనకైతే నరం దెబ్బతింది. నాకేమైంది?

అలాంటి రోజుల్లోనే బడి నుంచి హెడ్మిస్ట్రెస్ ఫోన్ చేసింది. భర్త చొక్కా తొడుక్కుంటుంటే ఆమె గుమ్మం పట్టుకుని నిలబడింది.

"ఏమండీ, సోమవారం నుంచి రమ్మంటున్నారు. ఆదివారం సాయంత్రంలోగా చెప్పాలట."

"అక్కడ మాత్రం చెప్పేదేంటి? ఇవే ముక్కలుగా. ఆ చెప్పేదేదో ఇంట్లో మనిషికి చెప్పు."

"పగటిపూట ఎవరినైనా పెడదామండీ..."

"నాన్నకి కొత్త మొహాలు పడవు. అడగడానికి నోరెలా వచ్చింది నీకు? ఈ గుండీ ఊడింది చూడు."

ఆమె సూదీ దారం తెచ్చింది.

ఆదివారం ఆడపడుచూ ఆవిడ భర్తా వచ్చారు. "ఎంత తిరిగానో తెలుసా అక్కా ఆ థెరపిస్టు కోసం! నా తిప్పలు ఫలించాయి" అన్నాడు తమ్ముడు. "పాపం, ఎంత చిక్కిపోయావురా!" అని అక్క వాడి భుజం నిమిరింది. తర్వాత మరదలి వైపు తిరిగి, "ఏదీ, మా నాన్న చేత నాలుగు మాటలు చెప్పించు, విందాం" అంది.

కుర్చీ ముందు నిలబడింది కోడలు. తెల్లవారకముందు లేచిన ఒళ్ళు తూలుతోంది. 'కుక్' అంటే ఆయన 'కుక్ట్' అన్నారు. చప్పట్లు కొట్టారు. "పెద్దది చెప్పించు!" అన్నాడు భర్త.

"ఐ విల్ కుక్ట్," అంది ఆమె. అనగానే నాలుక కరుచుకుంది.

మామగారి ఎడమచెయ్యి పైకి లేచింది. ముఖం ఎర్రబడింది. గొంతులో ఏదో పెనుగులాడి, కదిలి, బయటికి వచ్చింది. "ఈ... అమ్మాయికి... ఇంగ్లీషు... రాదు."

అందరికంటే ముందు సంతోషించింది ఆమే. నాలుగు మాటలు! ఒకటి వెనక ఒకటి, దేని చోట అది! పాఠం చెప్పిన ప్రాణం ఎగిరి గంతేసింది. ఆ తర్వాత అర్థం వచ్చి తగిలింది.

ఆడపడుచు ఏడుస్తూ తండ్రిని వాటేసుకుంది. "తప్పు దొరికితే చాలు, మాస్టారు లేచి కూర్చుంటారు!" అని ఆవిడ భర్త పడీ పడీ నవ్వాడు. మామగారు కూడా ఆ వంకర మూతితోనే నవ్వుతున్నారు.

"నాన్న మాట్లాడితే అలా మొహం వేలాడేస్తావేంటి?" అన్నాడు భర్త. "వెళ్ళి టీ పెట్టు."

ఆమె వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు పొయ్యి మీద పెట్టింది. టీపొడి వెయ్యలేదు. నీళ్ళు మరిగేదాకా వాటికేసి చూస్తూ నిలబడి, ఫోన్ తీసింది.

"వస్తున్నాను మేడమ్. సోమవారం."

"అమ్మయ్య! మీవారిని అడిగావా మరి?" అంది అవతలి గొంతు.

హాల్లో మళ్ళీ నవ్వులు. ఆయన చేత ఆ మాటే మరోసారి అనిపిస్తున్నారు.

"లేదు మేడమ్. అడగడం లేదు," అంది ఆమె, కప్పులు కిందికి దించుతూ. "టీ ఇచ్చేటప్పుడు చెబుతాను."