ఫ్యూజు కట్టె

మొగిలమ్మ హనుమకొండ దవాఖాన నుంచి మిట్టమధ్యాహ్నం ఇల్లు చేరేసరికి వెంకట్రాజం అరుగు మీద కూర్చొని ఉన్నాడు. దవాఖానలో ఆమె మొగుడు కట్టయ్యకు కుడిచెయ్యి మోచేతిదాకా తీసేశారు. జావ కాచుకొని సాయంత్రం బస్సుకు ఆమె మళ్లీ పోవాలి. రైతు సంఘం పెద్ద తమకు అండగా నిలవడానికే వచ్చాడనుకొని ఆ పిచ్చి ఇల్లాలు ధైర్యం తెచ్చుకుంది.

కట్టయ్యది నీరటి ఇల్లు. తాతల నాడు చెరువు తూము ఎత్తి పొలాలకు నీళ్లు వదిలినందుకు రైతులు కళ్లంలో కుంచెడేసి వడ్లు కొలిచేవారు. బావులకు మోటార్లు వచ్చాక ఊరు ఆ ఆచారాన్ని ట్రాన్స్‌ఫార్మర్‌కు ముడిపెట్టింది. నీళ్లు వదిలేవాడే కరెంటూ చూసుకోవాలట! లైన్‌మన్ వచ్చేవాడు కాదు. ఫ్యూజు పోయినప్పుడల్లా కట్టయ్యే కొనకు కొక్కెం కట్టిన ఎండు వెదురు కట్టె పట్టుకొని పోయి వేసి వచ్చేవాడు. ఊళ్లో అలాంటి కట్టె అదొక్కటే. నిన్న పొద్దున స్విచ్ దించినా ఒక తీగలో కరెంటు ఆగలేదు, కుడిచెయ్యి దానికి తగిలింది.

“చెల్లే, రేపు ఇంజనీర్ సారు ఎంక్వయిరీకి అస్తాండు,” అన్నాడు వెంకట్రాజం. “ఎవ్వరు పిలువలే, తనంత తనే పోయిండని చెప్పు.”

“గదేం మాట అన్నా? నీ వరి ఎండుతాందని నువ్వే గదా లేపుకపోయినవ్! గట్ల చెప్తే సర్కారు పైస ఇయ్యదట. ఒంటిచేతోడు ఏం జేసి బతుకుతడు?”

“కొత్త చట్టం అస్తాంది. ట్రాన్స్‌ఫార్మర్ ముట్టినోనికి, ముట్టుమన్నోనికి గూడ జైలే.”

మొగిలమ్మ చేతిలోని సంచి కింద పెట్టింది. పోయిన నెల ఆ చట్టం కావాలనే కదా అందరూ లారీలెక్కి హనుమకొండకు పోయింది! శాసనసభలో బిల్లు పెడుతున్నారు, మీటర్లు పోతాయి, మోటారుకు ఇంత అని కడితే చాలు అని ఈ వెంకట్రాజమే చెప్పాడు. కట్టయ్య గొంతు బొంగురుపోయేదాకా జిందాబాద్ కొట్టాడు. జెండా ఆ కుడిచేత్తోనే మోశాడు.

“జైలు ముచ్చట అప్పుడే ఎరుకేనా నీకు?”

“ఎరుకే. అన్ని చెప్తే మీరు లారీ ఎక్కుదురా?” నవ్వబోయి ఆగాడు. “ఇంక పాస్ గాలే. గని పాసయినంక పాత కేసులు గూడ తవ్వుతరు. నా పేరు రావొద్దు. కట్టయ్యను నేను సూసుకుంట.”

ఇంతలో పొలాల దిక్కు మోటార్ల చప్పుడు ఆగిపోయింది. కాసేపటికి పక్క మడి రైతు సారంగపాణి, ఇంకో ఇద్దరు ఒగరుస్తూ వచ్చారు.

“వదినె, నిన్న లైన్‌మన్ ఏసిన ఫ్యూజు మల్ల పోయింది. జర కట్టె ఇయ్యి, మేమే ఏసుకుంటం.”

కట్టయ్య ఎట్లా ఉన్నాడని ఒక్కడూ అడగలేదు. ఆమె లోపలికి పోయి చూరులోంచి కట్టె తీసుకొచ్చింది. వెంకట్రాజం చెయ్యి చాచాడు.

“ఇయ్యను పటేలా,” అంది. అన్నా అనే పిలుపు ఆమె నోట రాలేదు. “రేపు సారు ముంగట పెడ్త. ఎవలు పిలిస్తే పోయిండో, ఏటేట ఎవలెవలు వడ్లు కొలుస్తాండ్రో అన్ని చెప్త. జైలైతే అందరం పోదాం.”

“నీ మడి గూడ ఎండుతది వదినె!” అన్నాడు సారంగపాణి.

ఎండుతుందని ఆమెకు తెలుసు. వాళ్లకున్నది ఆ అరెకరమే, అందులో వరి వెన్ను వేయబోతూ పొట్టమీద ఉంది. మొగిలమ్మ గడపలో చతికిలబడి కట్టెను ఒళ్లో అడ్డంగా పెట్టుకుంది. మగవాళ్లు వాకిట్లోనే నిలబడిపోయారు. బస్సు వేళ అవుతోంది. పొయ్యి ఇంకా అంటించలేదు.