తెల్లమచ్చల మందారం

ఖైమీరా అన్న మాట నాకు తెలిసినంతగా మా గణపవరంలో ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. తాడేపల్లిగూడెంలో ఉద్యాన డిగ్రీ చదువుతున్నాను మరి. గ్రీకుల కథల్లో సింహం తలా, మేక ఒళ్లూ, పాము తోకా ఉన్న జంతువు పేరట అది. తరవాత మొక్కలవాళ్లు దాన్ని తెచ్చి, రెండు రకాల కణాలు పక్కపక్కనే కాపురం చేసే మొక్కకి పెట్టారని ఆనంద్ పాల్ సార్ క్లాసులో చెప్పారు. మా అమ్మ రత్నమాల పెంచే మందారం అలాంటిదే. ప్రతి ఆకులోనూ తెలుపూ ఆకుపచ్చా ఉంటాయి. ఉత్త ఆకుపచ్చ చిగురు కనిపిస్తే అమ్మ గోటితో గిల్లేస్తుంది. దానికి బలం ఎక్కువ. వదిలేస్తే మొక్కంతా అదే అయిపోయి తెలుపు మిగలదు.

అందుకే హైదరాబాదు ఆస్పత్రిలో డాక్టరు గారి నోట ఆ మాట వినగానే నాకు ఎక్కడలేని హుషారొచ్చింది. నా తమ్ముడు శ్రీనాథ్ ఎముకల్లోని మజ్జ నెత్తురు తయారుచేయడం మానేస్తే, నా మజ్జ తీసి వాడికి ఎక్కించారు. "కొన్నాళ్లాగి ఖైమీరిజం టెస్టు చేస్తాం, అందులో తేలుతుంది" అన్నారాయన. ఏం తేలాలో ఆయన చెప్పబోతుంటే, "నాకు తెలుసండీ" అనేశాను. రైల్లో అమ్మకి పాఠం కూడా నేనే చెప్పాను. మన మందారంలాగే నా కణాలూ వాడి కణాలూ పక్కపక్కన ఉండాలి, ఒకటి రెండోదాన్ని తినేసిందా, అంతా అయిపోయినట్టే అని.

వాడి దగ్గరికి మట్టి, మొక్కలు రాకూడదన్నారని అమ్మ కుండీలన్నీ పక్కింటి వరమ్మ గారి పెరట్లో పెట్టించింది. మందారం తిరిగి ఇంటికొచ్చిన రోజే వాడు బాగైనట్టు. ఆ మాట ఎవరం పైకి అనుకోలేదు గానీ అందరి మనసులోనూ ఉంది.

నిన్న మధ్యాహ్నం ల్యాబులో ఉండగా అమ్మ ఫోన్ చేసింది.

"ఆస్పత్రివాళ్లు ఫోన్ చేశారే. టెస్టులో వందకి వందా నీవేనంట. వాడివి ఒక్కటీ కనపళ్లేదంట. డాక్టరు గారు సాయంత్రం మాట్లాడతారంట. ఫోన్ చేసిన అమ్మాయి ఇంకేదో చెప్పబోయింది, నాకు కాళ్లూచేతులూ ఆడక పెట్టేశాను."

ఆస్పత్రికి ఎన్నిసార్లు చేసినా ఎంగేజే. బస్సెక్కాను. దారి పొడుగునా చేపల చెరువుల్లో ఏరేటర్లు నీళ్లు చిమ్ముతున్నాయి. డ్రైవరేమో చెయ్యెత్తిన ప్రతివాడి కోసం ఆపుతున్నాడు. ఆయన మీద కస్సుమన్నాను, కిటికీ వైపు మొహం తిప్పుకుని ఏడ్చాను. నా తమ్ముణ్ణి నేనే తినేశాను అన్న ఒక్క మాటే బుర్రలో తిరుగుతోంది.

ఇంటికెళ్లేసరికి వాడు మంచం మీద కూర్చుని క్రికెట్ చూసుకుంటున్నాడు.

"ఏంటక్కా, నన్ను మొత్తం ఆక్రమించేశావంటగా" అన్నాడు. అమ్మ నవ్వలేదు. వాడు కంచంలో ముద్ద కూడా మిగల్చకుండా తిన్నాడని అప్పుడు నాకు తట్టలేదు.

సాయంత్రం డాక్టరు గారు వీడియోలో కనపడి, మా మొహాలు చూసి ఆశ్చర్యపోయారు. "ఏమ్మా, ఇంత మంచి రిపోర్టొస్తే ఏడుస్తున్నారేంటి?"

మందారం సంగతంతా చెప్పాను. ఆయన కాసేపు నవ్వాపుకోలేకపోయారు.

"ఆ మాట మొక్కల దగ్గర్నుంచే మాకొచ్చింది లహరీ. కాకపోతే ఇక్కడికొచ్చేసరికి మేం చూసేది వేరు. మీ మొక్కలో రెండూ ఉండాలి. వీడికి పాత మజ్జే కదా పాడైంది? అది మళ్లీ పుంజుకుంటే గొడవ. నీది పూర్తిగా నిలబడాలి. వందకి వంద రావాలనే మేం ఎదురుచూశాం."

"మరి మా వాడివి ఏమీ మిగల్లేదాండీ?" అంది అమ్మ.

"నెత్తురొక్కటే అక్కదమ్మా. మిగతా ఒళ్లంతా మీవాడిదే."

"మా అక్క కోపం కూడా వచ్చిందేమో చూడండి డాక్టరు గారూ" అన్నాడు శ్రీనాథ్. వాడి వీపు మీద ఒక్కటిద్దామని చెయ్యెత్తి, వాణ్ణి వాటేసుకుని భోరుమన్నాను. అంత సంతోషం నాకు పుట్టి బుద్ధెరిగాక లేదు.

అమ్మ కళ్లు తుడుచుకుంది. "డాక్టరు గారూ, కుండీలు తెచ్చుకోవచ్చాండీ?"

"వాకిట్లో పెట్టుకోండి. వాడు మట్టి ముట్టుకోకుండా చూసుకోండి, చాలు."

ఫోన్ పెట్టీపెట్టగానే వరమ్మ గారింటికి వెళ్లి, నన్ను సాయం కూడా పట్టనివ్వకుండా, అమ్మ మందారం కుండీ ఒక్కతే మోసుకొచ్చింది. ఇన్నాళ్లూ గిల్లేవాళ్లు లేక దాని మొదట్లో జానెడు ఆకుపచ్చ కొమ్మ లేచింది. నిగనిగలాడుతోంది, ఎక్కడా తెల్లమచ్చ లేదు. అలవాటుకొద్దీ అమ్మ గోరు దాని మీదికెళ్లి ఆగిపోయింది.

"గిల్లెయ్యమ్మా. లేకపోతే మొక్కంతా అదే అయిపోతుంది" అన్నాను, నా చదువు ఊరుకోదు కదా.

అమ్మ గుమ్మంలోంచి లోపల తమ్ముడి వైపు చూసింది.

"అవనీ" అంది.